రాసే చెయ్యి ముందే అలిసిపోతే

చెయ్యి నొప్పి మొదలైతే రాసేవాళ్లు ముందుగా అనుమానించేది పెన్నునో కీబోర్డునో. ఆ అనుమానం సగమే నిజం. పొద్దున పాలగిన్నె దించిన దగ్గర్నుంచి పదింటికి బల్ల ముందు కూర్చునేదాకా ఆ చెయ్యి ఏమేం చేసిందో ఒక్కరోజు కాగితం మీద పెట్టి చూడండి. 20 లీటర్ల నీళ్ల టిన్ను ఎత్తి స్టాండు మీద బోర్లించారు, అక్కడికే 20 కిలోలు. తడిబట్టలు పిండారు. రెండు కట్టల గోంగూర ఆకు దూశారు. రోట్లో పచ్చడి నూరారు. స్కూటర్ యాక్సిలరేటర్ మెలేసి పట్టుకుని బెంజిసర్కిల్ దాకా వెళ్లొచ్చారు. మధ్యలో ఫోను మీద బొటనవేలితో నలభై మెసేజీలు. ఇంత చాకిరీ అయ్యాక రాతకు కూర్చుంటే పావుగంటలో మణికట్టు సలుపుతుంది, నింద మాత్రం రాత మీద పడుతుంది.

అందుకని మందుబిళ్ల కంటే ముందు లెక్క. మూడు రోజులపాటు చెయ్యి చేసిన పని, ఎంతసేపు, రాత్రికి నొప్పి పదిలో ఎన్ని మార్కులు, మర్నాడు పొద్దున ఎన్ని, ఈ నాలుగూ రాయండి. రాయడమూ కష్టమైతే ఫోనులో మాటగా రికార్డు చేసుకోండి. నాలుగో రోజు చూస్తే రాతకు పోయిన వాటా చిన్నదని, పెద్ద వాటా మెలితిప్పే పనులకు, గట్టిగా పట్టుకునే పనులకు పోయిందని చాలామందికి తేలుతుంది. రాత తగ్గించుకునే ముందు వాటిని తగ్గించాలి.

నీళ్ల టిన్నుకు మూతి మీద బిగించే చిన్న బ్యాటరీ పంపు దొరుకుతుంది. టిన్ను నేల మీదే ఉంటుంది, తెచ్చిన కుర్రాడు దించిన చోటు నుంచి కదపక్కర్లేదు. బకెట్టు నిండా పట్టి ఒంటిచేత్తో ఈడ్చేకన్నా సగం పట్టి రెండుసార్లు మొయ్యండి. బట్టలు పిండటం మణికట్టుకీ మోచేతికీ అన్నిటికంటే చెడ్డ పని, ఎందుకంటే గట్టిగా పట్టుకోవడం, మెలితిప్పడం రెండూ ఒకేసారి జరుగుతాయి. పిండకుండా నీళ్లోడుతుండగానే దండెం మీద వేస్తే బెజవాడ ఎండకు మధ్యాహ్నానికల్లా ఎలాగూ ఆరతాయి. సీసా మూత రాకపోతే తడిగుడ్డ చుట్టి అరచేత్తో తిప్పాలి, వేళ్ల కొసలతో కాదు. మిరపకాయలకు తొడిమలు తియ్యడం చూడ్డానికి తేలిక. రెండు కిలోలు తీసేసరికి బొటనవేలు కొన్ని వేలసార్లు గిల్లినట్టు, గుంటూరులో ఆ పని కూలికి చేసే ఆడవాళ్లనడిగితే చెబుతారు. ఆవకాయ రోజుల్లో మామిడికాయలు బజార్లోనే కొట్టించుకోండి. ఇంట్లో కొట్టాలన్న పట్టుదలకు ఆ వారం రాత బలి.

ఇక నొప్పి సంగతి. తెలుగులో నొప్పికి ఉన్నన్ని మాటలు రాసేవాళ్లకు కరతలామలకం. డాక్టరు ముందు కూర్చోగానే మాత్రం ఎందుకో "చెయ్యి నొప్పండీ" అని ఊరుకుంటారు. లాగడం, పీకడం, సలపడం, పోటు, మంట, తిమ్మిరి, మొద్దుబారడం, జివ్వుమనడం, చురుక్కుమనడం, పట్టేయడం, పట్టుతప్పడం, ఇవి పర్యాయపదాలు కావు. ఒక్కోటి ఒక్కో చోటుకి దారి చూపిస్తుంది. పైగా మన వాడుకలో అన్నిటికీ "నరం పట్టేసింది" అనే అంటాం. నరం వేరు. కండరాన్ని ఎముకకు కట్టే తాడు, డాక్టర్లు టెండన్ అనేది, వేరు. రెండిటికీ వైద్యం వేరు.

తిమ్మిరి, చీమలు పాకినట్టుండటం, జివ్వుమనడం నరం మాటలు. అక్కడ అసలు ప్రశ్న ఏ వేళ్లు అన్నది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటే గాని నిద్ర పట్టకపోతే, అది మణికట్టు సొరంగంలో నరం నలుగుతున్న లక్షణం. పేరు కార్పల్ టనెల్ సిండ్రోమ్. ఆ ఇరుకు దారిలో ఒక నరంతోపాటు తొమ్మిది టెండన్లు వెళ్తాయి, ఏ కొంచెం వాచినా నలిగేది నరమే. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, కీళ్లవాతం ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఇది ఎక్కువ. చిటికెనవేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం తిమ్మిరెక్కితే నలిగే చోటు మోచెయ్యి, తగిలితే కరెంటు కొట్టినట్టుంటుందే, ఆ ఎముక వెనకాల. పడక్కుర్చీ చేతుల మీద మోచేతులాన్చి పుస్తకం పట్టుకునేవాళ్లకు, మోచెయ్యి మడిచి ఫోను చెవికి ఆన్చి గంటలు మాట్లాడేవాళ్లకు వచ్చేది ఇదే. కుర్చీ చేతులకు తువ్వాలు నాలుగు మడతలు చుట్టాలి, ఫోను బల్ల మీద పెట్టి స్పీకరులో మాట్లాడాలి.

చురుక్కుమనడం, అదీ ఒక కదలికకే చురుక్కుమనడం టెండన్ మాట. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, గిన్నె ఎత్తబోతే చురుక్కుమంటే అది ఒక తెగ. ఫోను టైపింగూ తొడిమలూ పసిపిల్లల్ని చంకల కింద పట్టి ఎత్తడమూ దీనికి మేత. మోచేతి బయటి ఎముక దగ్గర మొదలై ముంజేతిలోకి లాగుతూ, కాఫీ కప్పు ఎత్తడానికీ చేతనవకపోతే టెన్నిస్ ఎల్బో. టెన్నిస్ రాకెట్ కంటితో చూడనివాళ్లకే ఎక్కువ వస్తుంది.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి, వదులవడానికి అరగంటో గంటో దాటుతుంటే, రెండు చేతులకూ ఉంటే, కణుపుల దగ్గర వాపు ఉంటే అది కీళ్ల సంగతి. దాన్ని రాత మీదికి నెట్టి ఆరునెలలు ఊరుకోకూడదు. రుమటాయిడ్ కీళ్లవాతానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే కీలు అంత దక్కుతుంది. వానాకాలం జ్వరం తగ్గాక మణికట్లు, వేళ్లు, చీలమండలు వారాల తరబడి పట్టేస్తే చికున్‌గున్యా గుర్తుకు రావాలి, అది నెలలు కూడా లాగుతుంది. మెడ తిప్పినప్పుడల్లా నొప్పి భుజం మీదుగా వేళ్లలోకి దిగితే మూలం మెడలో ఉంది, మణికట్టుకు ఎన్ని పట్టీలు కట్టినా దండగ. భుజం పైకి లేవక జడ వేసుకోవడం, వీపు వెనక హుక్కు పెట్టుకోవడం కుదరకపోతే బిగిసిన భుజం, షుగర్ ఉన్నవాళ్లకు మరీ. పట్టుతప్పి గ్లాసులు జారిపోవడం, బొటనవేలి కింది దిండు లాంటి కండ పల్చబడటం కనిపిస్తే పక్కవీధి మందులషాపుతో కాలక్షేపం చెయ్యొద్దు. నరం దెబ్బ ముదిరితే ఆపరేషన్ చేసినా కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఎడమ చెయ్యి లాగుతూ గుండె మీద బరువు, చెమటలు, దవడలోకి నొప్పి, లేదా ఉన్నట్టుండి ఒక చెయ్యి చచ్చుబడి మాట తడబడటం, మూతి పక్కకు పోవడం జరిగితే ఈ వ్యాసం మూసి 108కి ఫోను చెయ్యండి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

ఆసుపత్రులకు విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, రెండూళ్ల మధ్యన మంగళగిరి ఎయిమ్స్. ఎక్కడికెళ్లినా గదిలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలకు ఆరు లైన్ల కాగితం పట్టుకెళ్లండి: ఏ వేళ్లు, ఏ మాట (తిమ్మిరా, చురుకా, బిగుసుకోవడమా), ఏ వేళలో, ఏ పనికి పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది, ఇప్పటికే వాడుతున్న మందులు. సాధారణంగా రాసే రక్తపరీక్షలు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్‌కు హెచ్‌బీఏ1సీ, విటమిన్ బి12, విటమిన్ డి, కీళ్ల వాపు ఉంటే ఈఎస్సార్, సీఆర్పీ, రుమటాయిడ్ అనుమానానికి ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్‌వాళ్లకు, మాంసం ముట్టనివాళ్లకు బి12 తగ్గే అవకాశం ఎక్కువ. దాని తిమ్మిరి అరికాళ్లలో కూడా ఉంటుంది కాబట్టి కాళ్ల సంగతి అడక్కపోయినా చెప్పండి. నరాల వేగం కొలిచే పరీక్ష రాస్తే ఆ రోజు చేతికి నూనె, లోషన్ రాయకూడదు, గాజులూ ఉంగరాలూ తీసెయ్యాలి, ఏసీ గదిలో చెయ్యి చల్లబడితే వేగం తక్కువ చూపిస్తుంది కాబట్టి లోపలికి పిలిచేదాకా చేతులు వెచ్చగా ఉంచుకోవాలి.

మణికట్టు పట్టీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బులు పెట్టి కొని తప్పుగా వాడేది ఇదే. సర్జికల్ షాపులో దొరికే పట్టీలు చాలావాటిలో అరచేతి వైపు ఒక రేకు ఉంటుంది, అది మణికట్టును 20, 30 డిగ్రీలు పైకి వంచి పెడుతుంది. మణికట్టు సొరంగానికి కావలసింది తిన్నగా ఉండటం. రేకు సాధారణంగా జేబులోంచి బయటికి వస్తుంది. దాన్ని తీసి బల్ల అంచు మీద నొక్కి తిన్నగా చేసి మళ్లీ దూర్చాలి. రాత్రిపూట వేసుకోవాలి, కనీసం ఆరు వారాలు. మూడు రోజులు వేసి తగ్గలేదని అటక మీద పడేసేవాళ్లే ఎక్కువ. పట్టీ కింద వేలు దూరేంత వదులు ఉండాలి, తెల్లారేసరికి వేళ్లు ఉబ్బితే బిగువెక్కువైనట్టు. మే నెలలో చెమటకు చర్మం పాచిపోతుంది, పాత కాటన్ సాక్సు కాలివేళ్ల భాగం కత్తిరించి ముందు అది తొడిగి పైన పట్టీ వేస్తే సరి. పట్టీ వేసుకుని టైపు చేస్తే మణికట్టు కదలక ఆ పనంతా భుజం మీద పడుతుంది, వారంలో భుజం పట్టేస్తుంది. బొటనవేలి నొప్పికి బొటనవేలిని కూడా కలిపి పట్టే రకం వేరే ఉంటుంది, అది అడిగి తీసుకోవాలి. టెన్నిస్ ఎల్బో పట్టీ ఎముక మీద కట్టేది కాదు, ఎముకకు రెండు వేళ్ల కిందుగా ముంజేతి కండ మీద.

టెన్నిస్ ఎల్బోకి వ్యాయామం కూడా పట్టీ అంత ముఖ్యం. అరలీటరు నీళ్ల సీసా చాలు, అది అరకిలో బరువు. ముంజెయ్యి బల్ల మీద, మణికట్టు అంచు బయట, అరచెయ్యి కిందికి. సీసా పట్టుకున్న మణికట్టును రెండో చేత్తో పైకి లేపి, ఐదు అంకెలు లెక్కపెడుతూ నిదానంగా దించాలి. పదిహేనుసార్లు, మధ్యలో నిమిషం ఆగి మూడు విడతలు, రోజుకొకసారి. చేసేటప్పుడు పదిలో మూడు మార్కుల దాకా నొప్పి ఫర్వాలేదు. మర్నాటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే సీసాలో సగం నీళ్లు పారబోయండి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. తిమ్మిరి ఉన్నవాళ్లు ఇది కాకుండా ఫిజియోథెరపిస్టు చూపించిన నరాల వ్యాయామాలు చెయ్యాలి, నరాన్ని బలవంతాన లాగితే మంట పెరుగుతుంది.

కాపడం పది, పదిహేను నిమిషాలు చాలు. బిగుసుకోవడానికి వేడి, కొత్తగా వాచి వెచ్చగా ఉన్నచోట గుడ్డలో చుట్టిన ఐసు. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు కాబట్టి ఉప్పు మూటైనా రబ్బరు సంచైనా ముందు రెండో చేత్తో తాకి చూడాలి. బొబ్బలెక్కాక తెలుస్తుంది లేకపోతే.

నొప్పి మాత్రల్లో జరిగే పొరపాటు ఒకటే పదేపదే జరుగుతుంది. షాపులో "ఒళ్లునొప్పుల బిళ్ల" అనగానే ఇచ్చేవాటిలో చాలావాటిలో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ రెండూ ఉంటాయి. జ్వరానికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ పైన వేసుకుంటే లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లకు పారాసిటమాల్ రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు, లివర్ జబ్బున్నవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు అంతకంటే తక్కువ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు కిడ్నీ, బీపీ, కడుపుపుండు, రక్తం పల్చబడే మందులు ఉన్నవాళ్లకు ప్రమాదం. డెంగీ అనుమానం తీరేదాకా ఎవరికైనా ప్రమాదమే. పేరూ కంపెనీ లేని పొట్లాల్లో వచ్చే "నొప్పుల పొడి" రెండ్రోజుల్లో అద్భుతంగా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని భయపడాలి. డాక్టరే బొటనవేలి మొదట్లో స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే అది వేరు, సరైన వైద్యమే. కాకపోతే షుగర్ కొన్నాళ్లు ఎక్కువ చూపిస్తుందని ముందే తెలిసుండాలి.

ఇప్పుడు బల్ల. మన ఇళ్లలో రాతకు దొరికేది డైనింగ్ టేబులూ ప్లాస్టిక్ కుర్చీ. టేబులు ఎత్తు 75 సెంటీమీటర్ల చిల్లర, కుర్చీ 42 దగ్గర. ఐదడుగుల రెండంగుళాల మనిషి దాని మీద రాస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి. బల్ల కోసెయ్యలేం కాబట్టి మనిషినే లేపాలి: కుర్చీలో గట్టి దిండు, ఎత్తు మూడు అంగుళాలు, మెత్తగా దిగిపోయే దూది దిండు పనికిరాదు. కాళ్లు గాల్లో వేలాడతాయి, వాటి కింద పాత పత్రికల కట్ట. మోచెయ్యి లంబకోణానికి కొంచెం విప్పుగా, ముంజేతులు బల్లకు సమానంగా ఉంటే చాలు. ల్యాపుటాపు అయితే తెర కళ్లకు ఎదురుగా రావాలి, కీబోర్డు మోచేతికి సరిపోవాలి, ఒకే పెట్టెలో రెండూ కుదరవు. నాలుగు లావుపాటి పుస్తకాల మీద ల్యాపుటాపు ఎత్తి పెట్టి, విడిగా కీబోర్డూ మౌసూ తగిలించండి. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లు మడిచెయ్యండి, అవి లేస్తే మణికట్టు వెనక్కి విరుగుతుంది. కుడివైపు అంకెల పలక ఉన్న కీబోర్డు మౌసును జానెడు దూరం నెడుతుంది, అది లేని రకం కొంటే కుడి భుజం దక్కుతుంది. మంచం మీద బోర్లాపడుకుని రాసే అలవాటును మాత్రం ఏ దిండూ బాగుచెయ్యలేదు.

చదవడానికి వ్యాసపీఠం కొనుక్కోండి. లావు పుస్తకాన్ని బొటనవేలితో తెరిచి పట్టుకుని గంట చదివితే ఆ వేలికి గంట రాసినంత పని. పారాయణం చేసే పెద్దవాళ్లు పుస్తకం చేత్తో పట్టుకోకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాకపోవచ్చు.

పెన్నుతో రాసేవాళ్ల విషయంలో మన లిపి చేసే పని ఒకటుంది. ఇంగ్లీషు కలిపిరాతలో పెన్ను మాట మొత్తానికి ఒకసారి లేస్తే చాలు. తెలుగులో తలకట్టుకు లేవాలి, గుణింతానికి లేవాలి, ఒత్తుకు కిందికి దిగాలి. అక్షరం చిన్నదైనకొద్దీ ఆ సున్నాలన్నీ వేళ్లే తిప్పుతాయి, పెద్దదైతే ముంజెయ్యి సాయం వస్తుంది. పొదుపుగా ఇరుకు గీతల్లో రాయడం మానేసి వెడల్పు గీతల లాంగ్‌బుక్కులో, లైను విడిచి లైను రాయండి. బాల్‌పెన్నుకు ఒత్తిడి కావాలి, జెల్‌పెన్నుకు తక్కువ, ఇంకుపెన్నుకు దాదాపు అక్కర్లేదు. రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి లావు ఎబొనైట్ పెన్ను చేతిలో ఉంటే వేళ్లు బిగించాల్సిన పని ఉండదు. అంత ఖర్చు వద్దనుకుంటే మామూలు పెన్నుకు సైకిలు ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి చూడండి. కింద పరీక్ష అట్ట, దాని పైఅంచు కింద మూడు అంగుళాల ఎత్తు పుస్తకం. ఆ వాలుకే మెడ వంగడం సగం తగ్గుతుంది. ఎంత నొక్కుతున్నారో తెలుసుకోవడానికి కాగితం తిరగేసి వేలితో తడమండి, వెనకవైపు అక్షరాలు తగులుతుంటే ఎక్కువ నొక్కుతున్నట్టే.

కీబోర్డు పద్ధతుల్లో నేను ఇన్‌స్క్రిప్ట్ పక్షం, అంటే తెలుగు అక్షరాలకు నేరుగా కీలు కేటాయించిన అమరిక. కారణం లెక్కే. "కష్టం" అని ఇంగ్లీషు అక్షరాలతో ఆర్టీఎస్ పద్ధతిలో కొట్టడానికి ఏడు కీలు, పైన రెండుసార్లు షిఫ్టు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఐదు కీలు, ఒక షిఫ్టు. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి కాబట్టి పని రెండు చేతులకూ పంచుతుంది. ఇబ్బంది ఒక్కటే, పొల్లు డి కీ మీద ఉంది, ప్రతి ఒత్తుకూ ఎడమ మధ్యవేలు దాన్ని కొట్టాలి. తెలుగులో ఒత్తులకేం కరువు! ఎడమ చెయ్యి నొప్పిగా ఉన్నవాళ్లకు అందుకే ఇది అంత కలిసిరాదు. చిటికెనవేలు నొప్పిగా ఉంటే విండోస్‌లో షిఫ్టు ఐదుసార్లు వరసగా నొక్కితే స్టికీ కీస్ వస్తుంది, షిఫ్టు పట్టుకోకుండా ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు. కొత్త కీబోర్డు నేర్చుకోవడానికి మూడు వారాలు రోజూ ఇరవై నిమిషాలు పడుతుంది. నొప్పి ముదిరిన రోజుల్లో మొదలుపెట్టొద్దు, చేతకానితనానికి వేళ్లు బిగుసుకుంటాయి.

పాత్రల పొడుగు పేర్లకు ఒక ఉపాయం. సుబ్బలక్ష్మి అని రెండొందలసార్లు కొట్టక్కర్లేదు, ఒక గుర్తు కొట్టి ఆఖర్న మొత్తం మార్చెయ్యొచ్చు. వర్డ్‌లోని ఆటోకరెక్ట్ దీనికి పనికిరాదు, మనకు విభక్తులు పేరుకే అతుక్కుంటాయి, అది విడి మాటనే గుర్తుపడుతుంది. ఫైండ్ అండ్ రీప్లేస్ వాడాలి. గుర్తు "సుల" అని పెడితే "సులభం" కాస్తా "సుబ్బలక్ష్మిభం" అవుతుంది. "పపప" లాంటిది పెట్టండి, "పపపని, పపపకి" అన్నీ సరిగ్గా మారతాయి.

చేతులకు పూర్తి సెలవు ఇవ్వాల్సిన రోజుల్లో నోటితో రాయడమే. ఫోనులో జీబోర్డు, కంప్యూటర్లో గూగుల్ డాక్స్ తెలుగు మాటను బాగానే అందుకుంటాయి. చుక్కలూ కామాలూ మాత్రం తెలుగులో చెబితే పడవు. వాటి బదులు మీ కథలో ఎన్నడూ రాని మాట ఒకటి ఎంచుకోండి. వాక్యం అయిపోగానే "పెంగ్విన్" అనండి, పేరా అయిపోగానే "జిరాఫీ" అనండి. చివర్లో వాటిని చుక్కగా, కొత్త పేరాగా మార్చుకోవచ్చు. మాటతోపాటు దాని ముందున్న ఖాళీని కూడా కలిపి వెతకాలి, లేకపోతే చుక్క విడిగా తేలుతుంది. కంగారూ అని మాత్రం పెట్టుకోకండి, కథలో కంగారు పడ్డవాళ్లందరి దగ్గరా పేరా విరుగుతుంది.

మాటరాతలో తప్పులు ఒక వరసలో వస్తాయి. శ, ష, స కలిసిపోతాయి. ళ, ల తారుమారు. సంధి మాటలు విడిపోతాయి. "ఏందిరా, అట్టాగే, వచ్చాడంట" అని మన యాస పలికితే కొన్నిసార్లు పుస్తక భాష దిద్ది పెడుతుంది, సంభాషణ చప్పబడుతుంది. అందుకని కథనం మాటతో, సంభాషణలు వేళ్లతో అని పంచుకుంటే రెంటికీ న్యాయం. తలపైన ఫ్యాను హోరు మైకులో పడుతుంది, మూతి దగ్గరుండే తీగ మైకు వాడితే చాలావరకు పోతుంది. గుంటూరు మే నెలలో ఫ్యాను ఆపి రాయమని ఎవరికీ చెప్పలేను. మాట కూడా కండరాల పనే, గంటన్నర వరసగా చెబితే గొంతు రాసుకుపోతుంది. పది నిమిషాలకో గుక్క గోరువెచ్చని నీళ్లు.

చెబుతుంటే రాసిపెట్టే మనిషి దొరికితే ఇంకా మంచిది. ఇద్దరికీ ముందే ఒప్పందం ఉండాలి. భారతం రాసేటప్పుడు వ్యాసుడూ వినాయకుడూ షరతులు పెట్టుకున్నారంటారు కదా, ఇక్కడా అంతే: అర్థం కాకపోతే ఆపి అడగాలి, సొంతంగా దిద్దకూడదు, గంటకు ఇంత అని డబ్బు ఇవ్వాలి. చుట్టాల పిల్లల చేత ఊరికే రాయించుకుంటే నాలుగో రోజునుంచి "అత్తయ్యా, ఇవాళ పరీక్షుంది" మొదలవుతుంది, తప్పు వాళ్లది కాదు. డీటీపీ వాళ్లకు చేతిరాత ఇస్తే అనూ ఫాంట్లలో కొట్టిస్తారు. పుస్తకానికి అదే చాలు కానీ, ఆ ఫైలు మీ ఫోనులో తెరిస్తే పిచ్చిగీతలు. ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్ కాపీ కూడా కావాలని పని మొదట్లోనే చెప్పాలి. పాత అచ్చు కథలు మళ్లీ కొట్టించేకంటే ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో డాక్స్‌గా తెరిస్తే అక్షరాలు చాలావరకు వచ్చేస్తాయి. చేతిరాతకు మాత్రం ఆ పద్ధతి నమ్మకం లేదు.

రోజును ఎలా పంచాలి? ఇరవై నిమిషాలు రాత, ఐదు నిమిషాలు చేతులు ఒళ్లో, అలారం పెట్టుకుని. వాక్యం మంచి ఊపులో ఉన్నప్పుడే ఆపాలి, కష్టమే, కానీ నొప్పి వచ్చాక ఆపితే ఆలస్యమైనట్టు. ఎంత రాయొచ్చన్నది ఆ రోజు నొప్పి చెప్పదు, మర్నాటి పొద్దు చెబుతుంది. నిన్నటికంటే ఎక్కువుంటే పావువంతు కొయ్యండి. వారం నిలకడగా ఉంటే పదోవంతు కలపండి. ఒక మంచి రోజు దొరికిందని నాలుగు రోజుల బాకీ ఆ రోజే తీర్చబోవడం వల్లనే ఎక్కువమంది మళ్లీ మొదటికొస్తారు.

జబ్బు మందుల వేళలు కూడా ఈ పంపకంలోకి రావాలి. థైరాయిడ్ బిళ్ల పరగడుపున, కాఫీకి కనీసం అరగంట ముందు. ఐరన్, కాల్షియం బిళ్లలు దానికి నాలుగు గంటల ఎడంగా. నరాల నొప్పికి రాత్రి ఇచ్చే అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్ లాంటివి పొద్దున మత్తుగా ఉంచితే డాక్టరునడిగి పడుకునే ముందు కాకుండా ఎనిమిదింటికే వేసుకోవచ్చు, పొద్దున బుర్ర పనిచేస్తుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి వారం పేరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, మిగతా మందులతో కలపకుండా పెట్టండి. మర్నాడు వికారం, నీరసం ఉండేవాళ్లు ఆ రోజుకు రాత పెట్టుకోకపోతే సరిపోతుంది, పత్రికకు ఇచ్చే గడువు కూడా ఆ లెక్కలోనే చెప్పాలి. జ్వరం రోజున కొత్తది రాసినా ఫర్వాలేదు, దిద్దుబాటు మాత్రం పెట్టుకోవద్దు. బాగున్న పేరాలే కొట్టేస్తారు.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం సంగతి. రెండొందల పేజీల డెమీ పుస్తకం పావుకిలో ఉంటుంది, నలభై కాపీల కట్ట పది కిలోలు. భుజానికి సంచి వద్దు, చక్రాల సూట్‌కేసు. సంతకాలకు పొడుగు ఆశీస్సులు రాయడం మానేసి, ఇంటి దగ్గరే రోజుకు ఇరవై చొప్పున ముందే పెట్టి ఉంచండి. స్టాలు దగ్గర పాఠకుడి పేరు ఒక్కటే రాయాలి, అదీ కూర్చుని, బల్ల మీద, ఇంకుపెన్నుతో. నిలబడి అరచేతిలో పుస్తకం పెట్టుకుని రాస్తే రెండు మణికట్లూ పోతాయి. సంక్రాంతి ముందరి చలికి వేళ్లు కొయ్యబారితే బయల్దేరే ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ముంచండి. షేక్‌హ్యాండ్ ఇవ్వబోయేవాళ్లకు ముందే నమస్కారం పెట్టెయ్యండి.